ఇంజినీర్స్ డే సంచికకు సంఘం చరిత్ర రాసే పద్ధతి: బరంపురం నుంచి జయపురం దాకా

ఇంజినీర్ల సంఘాలు ఇంజినీర్స్ డేకి వేసే సెప్టెంబరు 15 సంచికకు ముందుగా పోగయ్యేవి ప్రకటనలు, సందేశాలు, ఫొటోలు. సంఘం చరిత్ర ఆఖరి వారంలో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఆయన పాత సంచికలోంచి రెండు పేజీలు దించి, కొత్త అధ్యక్షుల పేర్లు చేర్చి ఇచ్చేస్తారు. పాతదాంట్లోని తప్పు కొత్తదాంట్లోకి వస్తుంది. పదేళ్లు పోయాక అదే ఆధారమై కూర్చుంటుంది. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఈ బెడద ఇంకా ఎక్కువ. ఇక్కడి పనుల కాగితాలు ఒక రాష్ట్రంలో లేవు, ఒక భాషలోనూ లేవు.

జూన్ మొదట్లో పని మొదలుపెడితే చేతిలో పదిహేను వారాలుంటాయి. కాగితాలు వెతకడానికి ఆరు, పెద్దవాళ్లతో మాట్లాడటానికి మూడు, సరిచూడటానికి రెండు, రాయడానికి రెండు, డీటీపీకీ ప్రూఫులకూ అచ్చుకూ రెండు. రాతకు రెండు వారాలేనా అనిపిస్తుంది గానీ, ఆధారాలు సరిగ్గా పేర్చుకున్నాక ఎనిమిది పేజీలు రాయడానికి అంతకన్నా పట్టదు. ముగ్గురు మనుషులు చాలు: ఒకరు కాగితాల వెంట, ఒకరు మనుషుల వెంట, ఒకరు అంకెల వెంట పడాలి. ఈ మూడో మనిషిని పెట్టకపోవడం వల్లే చాలా సంచికలు చెడిపోతాయి.

ముందు ఏ సంఘమో తేల్చుకోండి

"జాతీయ సివిల్ ఇంజినీర్ల సంఘం" అని రాసేసి, కింద ఎవరి చరిత్రో పెట్టడం తరచూ జరిగే పొరపాటు. లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజినీర్స్ వేరు, కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఇండియా వేరు, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేరు. మూడింటి గురించీ ఒక్కో పేరా ఉండొచ్చు, కలిపేయకూడదు.

లండన్ సంస్థ 1818 జనవరి 2న ఫ్లీట్ స్ట్రీట్‌లోని కెండల్ కాఫీ హౌస్‌లో పుట్టింది. పెట్టినవాళ్లు పేరున్న పెద్దలు కారు, కుర్ర ఇంజినీర్లు. హెన్రీ రాబిన్సన్ పామర్ అందులో ముఖ్యుడు. రెండేళ్ల పాటు సంఘం అంతంత మాత్రంగానే నడిచింది. 1820లో థామస్ టెల్ఫర్డ్ మొదటి అధ్యక్షుడిగా వచ్చాకే దానికి బలం వచ్చింది. 1828 జూన్ 3న రాయల్ చార్టర్, అంటే రాజు ఇచ్చే గుర్తింపు పత్రం, దొరికింది. ప్రకృతిలోని మహాశక్తులను మనిషి ఉపయోగానికీ సౌకర్యానికీ మళ్లించే కళే సివిల్ ఇంజినీరింగ్ అన్న నిర్వచనం ఆ సందర్భంలో థామస్ ట్రెడ్‌గోల్డ్ రాసిచ్చిందే. అంతకు ముందే, 1771లో, జాన్ స్మీటన్ చుట్టూ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజినీర్స్ అని ఒక చిన్న బృందం ఉండేది. ఇక్కడ "సివిల్" అంటే సైన్యానికి చెందనిది అని అర్థం. ఈ సంగతి తప్పక రాయండి. మన వైపు పెద్ద పనులు మొదట చేసింది సైనిక ఇంజినీర్లే. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ మద్రాసు సైన్యం ఇంజినీర్ల నుంచి వచ్చినవాడు. సైన్యంతో సంబంధం లేని వృత్తిగా ఇక్కడ ఇంజినీరింగ్ నిలదొక్కుకోవడానికి కాలం పట్టింది. దేశానికంతటికీ ఒక సంఘం 1920 దాకా రాకపోవడం పాఠకుడికి అప్పుడు వింతగా తోచదు.

మన దేశపు సంస్థ దగ్గరే తేదీలు ఎక్కువగా తారుమారవుతాయి. నాలుగు మెట్లు వరసగా గుర్తుపెట్టుకోండి. 1916–18 మధ్య సర్ థామస్ హాలండ్ అధ్యక్షతన నడిచిన పారిశ్రామిక కమిషన్ దగ్గర ఆలోచనకు బీజం పడింది. 1920 సెప్టెంబరు 13న, 1913 నాటి కంపెనీల చట్టం కింద, మద్రాసులో రిజిస్ట్రేషన్ అయింది. 1921 ఫిబ్రవరి 23న కలకత్తాలో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ లాంఛనంగా ప్రారంభించాడు. 1935 సెప్టెంబరు 9న రాయల్ చార్టర్ వచ్చింది. "చార్టర్డ్ ఇంజినీర్" అన్న హోదాకు మూలం ఈ చివరి తేదీయే. మద్రాసులో పుట్టింది అన్నవాళ్లూ, కలకత్తాలో మొదలైంది అన్నవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు రిజిస్ట్రేషన్ గురించి, ఇంకొకరు ప్రారంభోత్సవం గురించి. "స్థాపన" అనే ఒక్క మాట వాడకుండా ఏ తేదీన ఏం జరిగిందో ఆ మాటే రాస్తే తగాదా ఉండదు.

ఈ సంస్థ సివిల్ వారికి మాత్రమే కాదు, అన్ని శాఖలదీ. సివిల్ అందులో ఒక డివిజన్. ఇంకో పొరపాటు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను దీని స్థాపకుడిగా రాసేయడం. ఆయన పుట్టినరోజును ఇంజినీర్స్ డేగా జరపడం 1968లో మొదలైంది. ఆయన 1962లోనే పోయారు. ఆయన గొప్పదనానికి మూసీ వరద తర్వాత హైదరాబాదుకు ఇచ్చిన సలహాలే చాలు, లేని పదవి తగిలించనక్కర్లేదు.

రోడ్స్ కాంగ్రెస్ పుట్టుక చిన్నదిగా చెప్పొచ్చు: రోడ్ల అభివృద్ధి కోసం 1927లో వేసిన జయకర్ కమిటీ సిఫారసుల ఫలితంగా 1934 డిసెంబరులో ఏర్పడింది. మన రోడ్లు, వంతెనల లోడింగ్ నియమాలు దాని పుస్తకాల్లోవే కాబట్టి ఆర్ అండ్ బీలో చేసిన ప్రతివారికీ ఈ పేరు తెలుసు.

మీ ఊరి సంఘం వీటిలో దేనికైనా లోకల్ సెంటరా (స్థానిక శాఖా), లేక విడిగా రిజిస్టరైనదా అన్నది సర్టిఫికెట్ చూసి రాయండి. విడి సంఘమైతే సర్టిఫికెట్ మీద 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం పేరు కనిపించే అవకాశం ఎక్కువ. మొదటి మీటింగు తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, భవనం తెరిచిన తేదీ మూడూ వేరు వేరు. జాతీయ సంస్థ విషయంలో చేసిన తప్పే ఊరి సంఘం దగ్గరా చేస్తారు.

1936 ఏప్రిల్ 1 గీత

ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది ఈ రోజున. అంతకు ముందు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేవి. జయపురం, కొరాపుట్, రాయగడ, గుణుపురం, మల్కన్‌గిరి విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేవి. కాబట్టి 1936కు ముందు కట్టిన కల్వర్టు, చెరువు తూము, ట్రావెలర్స్ బంగళా దేని కాగితమైనా భువనేశ్వర్‌లో అడిగితే దొరక్కపోవచ్చు. చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మద్రాసు పీడబ్ల్యూడీ (పబ్లిక్ వర్క్స్ శాఖ) ప్రొసీడింగ్స్‌లో వెతకాలి. 1936 తర్వాతివాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా ఆర్కైవ్స్.

గీతకు ఇవతల, అంటే ఆంధ్ర వైపు, ఇంకో మెలిక ఉంది. నౌపడా, టెక్కలి, ఇచ్ఛాపురం ఒకప్పుడు గంజాం జిల్లావే. 1936లో విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్లాయి, 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు పాలనలోనే ఉన్నాయి. ఒడిశాలో రాయగడ, గజపతి, మల్కన్‌గిరి జిల్లాలు 1992 అక్టోబరులో ఏర్పడ్డాయి. 1970లో రాయగడలో కట్టిన వంతెన ఫైలు కొరాపుట్ పేరు మీద ఉంటుంది, పర్లాకిమిడిది గంజాం పేరు మీద. జిల్లా పేరు తప్పుగా అడిగి, "లేదు" అన్న జవాబుతో వెనక్కి వచ్చేవాళ్లు ఎక్కువ.

ఒకే పనికి మూడు ప్రభుత్వాల కాగితాలు ఉండటానికి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకమే సాక్ష్యం. ఒడిశా, మద్రాసు కలిసి తలపెట్టాయి. 1955లో కరెంటు పుట్టేసరికి మద్రాసు స్థానంలో ఆంధ్ర రాష్ట్రం వచ్చేసింది. ఆ పథకంలో పనిచేసిన ఇంజినీర్ల గురించి రాసేటప్పుడు ఎవరు ఏ ప్రభుత్వపు ఉద్యోగో సంవత్సరంతో సహా చెప్పాలి. పర్లాకిమిడి లైట్ రైల్వేది ఇంకో తీరు. నౌపడా–పర్లాకిమిడి మధ్య 1900లో నడిచిన రెండున్నర అడుగుల గేజి లైను అది, సంస్థానం వారు వేయించినది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, 2011 నాటికి బ్రాడ్‌గేజి అయింది. దాని కాగితాలు పీడబ్ల్యూడీలో ఉండవు. రైల్వే దగ్గరా, సంస్థానపు రికార్డులోనూ చూడాలి.

ఆర్కైవ్స్‌కు వెళ్లేవారు సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం, గుర్తింపు కార్డు, పెన్సిళ్లు పట్టుకెళ్లాలి. పెన్నుతో రాసుకుంటామంటే పాత రికార్డు దగ్గర ఒప్పుకోరు. లోపలికి వెళ్లగానే ఫైలు అడక్కండి. ముందు ఆ సంవత్సరపు ఇండెక్సు సంపుటం తెప్పించుకుని, ఊరి పేరు నాలుగు రకాల స్పెల్లింగులతో చూడండి. భంజనగర్ పాత కాగితాల్లో రస్సెల్‌కొండ. విశాఖపట్నం వైజాగపటం. ఇండెక్సులో జీవో నంబరు, తేదీ, శాఖ పేరు మూడూ రాసుకుంటేనే ఫైలు బయటికొస్తుంది. నంబరు ఒక్కటే తెస్తే అదే నంబరుతో రెవెన్యూ జీవో ఒకటి చేతికొస్తుంది.

మనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడు

కాగితాల తర్వాత పెద్దవాళ్లు. అందరికన్నా పెద్ద వయసు వారితో మొదలుపెట్టండి. రిటైరైన చీఫ్ ఇంజినీర్లతో ఆపేయకండి; ఓవర్సీర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, సంఘం గుమాస్తా కూడా కావాలి. పైవారు ఏ ఊళ్లో అయినా మూడేళ్లుండి బదిలీ అవుతారు. కిందివారికి మొత్తం కథ తెలుసు. ఉద్యోగం చేస్తూనే కోల్‌కతా సంస్థ పెట్టే ఏఎంఐఈ సెక్షన్ ఏ, సెక్షన్ బీ పరీక్షలు రాసి డిప్లొమా నుంచి డిగ్రీ స్థాయికి ఎదిగినవారు ఉంటే వాళ్ల మాట తప్పక తీసుకోండి. మారుమూల సబ్‌డివిజన్‌లో ఉన్న మనిషికి జాతీయ సంస్థ ఏమిచ్చిందో అందరికన్నా బాగా చెప్పగలిగేది వారే. ఆ దారి గురించి రాస్తే, 2013 మే 31 లోపు నమోదైన వారికే కేంద్రం ఉద్యోగాల విషయంలో డిగ్రీతో సమాన గుర్తింపు ఇచ్చిందని కూడా రాయండి, లేకపోతే కుర్రాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఒకసారికి గంట మించొద్దు. ఫోనులో రికార్డు చేస్తుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. మధ్యలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోతుంది, ఆ సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియదు. మొదటి వాక్యంగా మీరే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు చెప్పండి. అచ్చు వేసుకోవడానికి ఒక కాగితం మీద సంతకం తీసుకోండి.

"సంఘం ఎప్పుడు మొదలైంది గురువుగారూ?" అని అడిగితే గుండ్రంగా ఒక సంవత్సరం చెబుతారు, అది సాధారణంగా తప్పే. "మొదటి మీటింగు ఎవరి ఆఫీసులో జరిగింది, అప్పుడు మీ ఎస్‌ఈ ఎవరు, కుర్చీలు ఎక్కణ్నుంచి తెచ్చారు?" అని అడగండి. ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు) పేరు దొరికితే పాత సివిల్ లిస్టుల్లో (అధికారుల పోస్టింగుల జాబితాల్లో) ఆయన ఆ సర్కిల్‌లో ఉన్న కాలం దొరుకుతుంది. మనిషికి సంవత్సరాలు గుర్తుండవు, వరదలూ తుఫాన్లూ గుర్తుంటాయి. గుణుపురం వైపు వారిని 1980 వంశధార వరదకు ముందా తర్వాతా అని అడగండి. గంజాం వారికి 1999 అక్టోబరు తుఫాను, 2013 ఫైలిన్. గజపతి జిల్లా వారికి 2018 తిత్లీ. ఒక్కో జవాబుకు అటొక గీత ఇటొక గీత దొరుకుతుంది.

పాత ఫొటో ముందు పెట్టి మాట్లాడించడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. పేర్లు ఎడమ నుంచి కుడికి, వరసల వారీగా అక్కడే రాసుకోండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకూడదు, ముందువైపు గాడి పడుతుంది. మెత్తటి 2బి పెన్సిల్ వాడండి.

సరిచూడటం

ఈ రెండు వారాలూ అంకెల మనిషివి. ఒక సంగతి అచ్చులోకి వెళ్లాలంటే రెండు ఆధారాలుండాలి, అందులో ఒకటైనా కాగితం కావాలి. మినిట్స్ పుస్తకం (మీటింగుల్లో జరిగింది రాసేది), ఆహ్వాన పత్రిక, బ్యాంకు పాస్‌బుక్, శిలాఫలకం అన్నీ కాగితం కిందే లెక్క. శిలాఫలకాన్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మొద్దు. దాని మీద ఉండేది శంకుస్థాపనో ప్రారంభోత్సవమో, పని పూర్తయిన రోజు కాదు. ఏ కట్టడానికైనా మంజూరు, మొదలు, పూర్తి, ప్రారంభం అని నాలుగు తేదీలుంటాయి. ఏది దొరికిందో అదే పేరు పెట్టి రాయండి.

డ్రాయింగు దొరికితే అది తన వయసు తానే చెబుతుంది. అడుగులు, అంగుళాల్లో ఉంటే మెట్రిక్ పద్ధతి వాడుకలోకి రాకముందుది, అంటే దాదాపు 1960ల మొదటి సంవత్సరాలకు ముందుది. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 మొదట 1953లో వచ్చింది, తర్వాత 1957, 1964, 1978, 2000లో మార్చారు. నోట్స్‌లో "ఐఎస్ 456–1964" అని ఉంటే ఆ డిజైను 1964కు ముందుది కాదు, 1978 తర్వాతిది అయ్యే అవకాశం తక్కువ. "ఈ హాలు 1960లో కట్టారు" అన్న మాటను ఇంత చిన్న అక్షరం కొట్టేయగలదు.

పాత రోడ్డు కాగితాల్లో కల్వర్టు "12/4" అని ఉంటే 12 మైళ్ల 4 ఫర్లాంగులు. మైలుకు ఎనిమిది ఫర్లాంగులు కాబట్టి పన్నెండున్నర మైళ్లు, అంటే 20.1 కిలోమీటర్లు. దీన్ని 12.4 కిలోమీటర్లుగా చదివి వేరే కల్వర్టు దగ్గర నిలబడి ఫొటో తీసుకొచ్చిన సందర్భాలున్నాయి. మిగతా కొలతలు: అడుగు 0.3048 మీటరు, ఎకరం 0.4047 హెక్టారు, క్యూసెక్కు సెకనుకు 28.3 లీటర్లు, పాత టన్ను 1,016 కిలోలు. అసలు కొలతను ముందు రాసి, మార్చినదాన్ని పక్కన పెట్టండి. మార్చినదే మిగిలితే రేపు ఎవరూ సరిచూడలేరు. రూపాయి–అణా–పైల లెక్క 1957 ఏప్రిల్ 1 దాకా నడిచింది: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పాత ఖర్చును "నేటి విలువలో ఇంత" అని మార్చే పని పెట్టుకోవద్దు. లెక్క ఎవరు వేసినా ఊహే.

పేర్ల దగ్గర ఓపిక కావాలి. మన ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా వారిది చివర. ఇంగ్లిష్ మినిట్స్‌లో గుమాస్తా ఒక నెల ఒకలా, ఇంకో నెల ఇంకోలా రాస్తాడు. పట్నాయక్ అని కనిపిస్తే తెలుగువారో ఒడియావారో పేరును బట్టి చెప్పలేం. ఒక నోటు పుస్తకంలో మనిషికో పేజీ ఇచ్చి, కనిపించిన ప్రతి రూపాన్నీ తేదీతో రాసుకుంటూ పోతే ముగ్గురనుకున్నవారు ఒక్కరే అని తేలుతుంది. ఒక్కోసారి ఒక్కరనుకున్నవారు తండ్రీకొడుకులవుతారు.

స్కానింగు, డీటీపీ, అచ్చు

పాత మినిట్స్ ఫుల్‌స్కేప్ కాగితం మీద ఉంటాయి, సుమారు 13 అంగుళాల పొడుగు. ఏ4 స్కానర్ 11.7 అంగుళాలే చదువుతుంది. తెగిపోయేది కింది భాగం, అంటే సంతకాలూ తేదీ. లీగల్ సైజు స్కానర్ వాడండి, లేదంటే పుస్తకాన్ని బల్ల మీద పెట్టి పైనుంచి ఫొటో తీయండి. పేజీలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు, చిన్న ఫొటోలకు 600 కావాలి. అచ్చులో నాలుగు అంగుళాల వెడల్పు రావాలంటే బొమ్మలో కనీసం 1,200 పిక్సెళ్లుండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి.

చరిత్రకు డెమీ సైజులో ఎనిమిది పేజీలు అడగండి. పేజీకి సుమారు 200 మాటల లెక్కన 1,600 మాటలు. సగం జాతీయ సంస్థకు ఇచ్చేస్తే ఊరి సంగతి చిక్కిపోతుంది. జాతీయ చరిత్ర రెండు పేజీల్లో ముగించి, మిగతా ఆరూ మీ జిల్లా పనులకు, మనుషులకు పెట్టండి. అధ్యక్షుల జాబితా చివర పట్టికగా ఉంటే చాలు, కథనంలోకి లాగొద్దు. సంచిక మొత్తం 16 పేజీల ఫారాల లెక్కలో ఉండాలి: 48, 64, 80. 66 పేజీలు అంటే ప్రెస్సువాళ్లు రెండు పేజీల కోసం ఇంకో కాగితం ఎక్కించాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది.

తెలుగు డీటీపీ మీ ఊళ్లో దొరక్కపోతే పర్లాకిమిడి వారికి పాతపట్నం పక్కనే, రాయగడ వారికి పార్వతీపురం. ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసిన వ్యాసాన్ని డీటీపీ వారు యూనికోడ్ కాని అను ఫాంటులోకి మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు, పొల్లులు దెబ్బతింటాయి. అందుకే ప్రూఫును యూనికోడ్ ప్రతితో పక్కపక్కన పెట్టి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. తేదీలు, అంకెలు విడిగా ఇంకోసారి చదవండి. 1935 కాస్తా 1953 అయితే చదివేవాడికి ఆగాల్సిన అవసరం కనిపించదు. రెండూ నమ్మదగ్గ సంవత్సరాలే మరి.

అచ్చయ్యాక స్కాన్లు, రికార్డింగులు, నోటు పుస్తకం ఫొటోలు కలిపి రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, రెండూ ఒకే బీరువాలో ఉంచకుండా ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. తుఫాను వచ్చిన రోజు ఆ తేడా తెలుస్తుంది. సంచికలు ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, ఇంకొకటి చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి పోస్టులో పంపండి. రసీదులు మినిట్స్ పుస్తకంలో అంటించి, పక్కన తేదీ వేయండి.